చెవి అందిన వయసు

పుట్టిన తేదీ కాగితాలు లేని రోజుల్లో మన పల్లెల్లో బడిలో చేర్చుకోవడానికి ఒక పరీక్ష ఉండేది. తండ్రి వెంట వచ్చిన పిల్లవాణ్ణి అయ్యవారు ఎదురుగా నిలబెట్టి, కుడిచెయ్యి నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు. వేళ్లకు చెవి అందితే పలక కొనిపెట్టవచ్చు. అందకపోతే వచ్చే యేడు రమ్మనేవారు. అందినవాడికి అయిదో ఆరో ఏళ్లని లెక్కగట్టి, జూన్ నెలలోనో జూలై ఒకటో తేదీనో పుట్టినట్టు రిజిస్టరులో రాసేవారు. మన పెద్దవాళ్లలో ఎంతోమందికి సర్టిఫికెట్టులోని పుట్టినరోజు సరిగ్గా బడులు తెరిచే కాలంలోనే పడటానికి కారణం ఇదే.

ఆ పరీక్ష వెనక గట్టి శరీరశాస్త్రమే ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తల ఒక్కటే నాలుగోవంతు ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఎనిమిదోవంతు దగ్గరికి తగ్గుతుంది. పుట్టాక తొలి ఏళ్లలో మెదడు విపరీతమైన వేగంతో పెరిగి, ఆరేళ్లు వచ్చేసరికి పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో తొంభై శాతం దాటిపోతుంది. తల ఇక పెద్దగా పెరగదు. చేతులూ కాళ్లూ మాత్రం సాగుతూనే ఉంటాయి. అందుకే నాలుగేళ్లవాడి చెయ్యి నడినెత్తి దాటి కిందికి దిగదు, ఆరేడేళ్లవాడి చెయ్యి దిగుతుంది. ఆఫ్రికాలోనూ, ఆసియాలోని వేరే దేశాల్లోనూ బడి పంతుళ్లు ఇదే పరీక్ష పెట్టారు. మెదడు పరిమాణం పెరిగే పని దాదాపు పూర్తయి, ఒళ్లు సాగడం మొదలైందా లేదా అన్నదే వాళ్లు ఒక్క సైగతో కొలిచిన విషయం.

కానీ ఒకే ఊళ్లో, ఒకే వీధిలో పుట్టిన పిల్లల్లో ఒకరికి అయిదున్నరకే చెవి అందుతుంది, మరొకరికి ఏడు నిండినా అందదు. తిండి చాలక ఎముకల ఎదుగుదల మందగించిన పిల్ల ఆలస్యంగా అందుకుంటుంది. అందుకున్నవాళ్లందరూ ఒకే రోజున ఒకటో తరగతిలో కూర్చుని ఒకే పాఠం వింటారు. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల ఒంట్లో, బుర్రలో జరిగేదానికీ, బడి వాళ్లను అమర్చే తీరుకూ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ అధ్యాయంలో నాకు ముఖ్యం. దాన్ని పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున, మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో ఉండి చూద్దాం. ఈ ఎడాన్ని ఎలా పూడ్చాలో ప్రపంచానికి చూపించిన ప్రయోగాల్లో ఒకటి ఇక్కడే పుట్టింది.

పైకి కనిపించని పెరుగుదల

ఈ వయసుకు ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల్లో ఉత్తర బాల్యదశ అని పేరు. పసితనంలో లాగా నెలకో ముచ్చట కనిపించదు, కౌమారంలో లాగా గొంతు మారదు, మీసం రాదు. ఏడాదికి అయిదారు సెంటీమీటర్ల ఎత్తు, రెండు మూడు కిలోల బరువు పెరుగుతారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఆరేళ్ల అబ్బాయి మధ్యస్థ ఎత్తు 116 సెంటీమీటర్లు, పదేళ్లకు 137.8. అమ్మాయిలు ఆరేళ్లకు అబ్బాయిల కంటే కొంచెం తక్కువ, పదేళ్లకు కొంచెం ఎక్కువ. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని ఉంది.

కళ్లకు కనబడే పెద్ద మార్పు నోట్లో జరుగుతుంది. ఆరో ఏట కింది ముందరి పన్ను కదులుతుంది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం మనకు తెలిసిన ముచ్చటే. అదే సమయంలో ఇంకో పన్ను ఎవరికీ తెలియకుండా వస్తుంది. పాల దంతాల వరుస చివర, ఏ పన్నూ ఊడకుండానే, తొలి శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అమ్మానాన్నలు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది పుచ్చితే, ఎలాగూ ఊడేదేగా అని ఊరుకుంటారు. అది ఊడేది కాదు. జీవితాంతం నమిలే బరువు మోయాల్సిన పన్ను అది. ఆరేడేళ్ల పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ ఒక్క మాట తెలిసి ఉండాలని నా కోరిక.

ఒళ్లు ఇంత నిదానంగా ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు 2014లో అమెరికా మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ కుజావా బృందం చక్కటి సమాధానం చెప్పింది. మెదడు వాడే గ్లూకోజును వయసువారీగా లెక్కగట్టి చూస్తే అది అత్యధికంగా ఉండేది పసిపాపల్లో కాదు, అయిదేళ్ల దగ్గర. ఆ వయసులో శరీరం రోజు మొత్తం ఖర్చు పెట్టే శక్తిలో నలభై శాతానికి పైగా మెదడు ఒక్కటే తీసుకుంటుంది. మెదడు ఖర్చు ఎక్కువగా ఉన్న ఏళ్లలోనే ఒంటి పెరుగుదల తక్కువ. ఒకదానికి ఇవ్వడానికి ఇంకొకటి ఆగుతోందన్నమాట. పిల్లవాడు ఎదగట్లేదే అని తల్లి బెంగపడే ఏళ్లలో లోపల పని ముమ్మరంగా సాగుతూ ఉంటుంది.

పరిమాణం పూర్తయ్యాక మెదడుకు ఇంకేం పని ఉంటుంది? రెండు పనులున్నాయి. పసితనంలో అవసరానికి మించి ఏర్పడ్డ నాడీకణాల అతుకుల్లో వాడనివి క్రమంగా తొలగిపోతాయి, వాడినవి బలపడతాయి. నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర మందమవుతుంది, కరెంటు తీగ మీది తొడుగులాగా, దానివల్ల సంకేతాలు వేగంగా పోతాయి. ఫలితం రోజువారీ పనుల్లో తెలుస్తుంది. నాలుగు అంకెలు చెబితే తిరిగి చెప్పగలిగే అయిదేళ్ల పిల్ల పది పన్నెండేళ్లకు ఆరు అంకెల దాకా పట్టుకుంటుంది. గోలీలాటలో తన వంతు వచ్చేదాకా ఆగగలుగుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే జెనీవా పిల్లలతో కూర్చుని గోలీలాట నియమాలను గురించి ప్రశ్నలు వేసి 1932లో ఒక పుస్తకమే రాశాడు. చిన్నపిల్లలు నియమాన్ని పెద్దలు పెట్టిన, మార్చకూడని కట్టడిగా చూస్తారని, పదేళ్లు దాటేసరికి అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చని గ్రహిస్తారని ఆయన కనిపెట్టాడు. మన ఊళ్లో పిల్లలు బచ్చాలాటకు కూర్చుని, ఎవరు దొంగాట ఆడారని పొద్దుగూకేదాకా వాదించుకోవడం కూడా ఈ వయసు చదువే. పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి వాళ్లను లేపేసే ముందు కాస్త ఆలోచించాలి.

పుంగనూరు పొట్టి

పుంగనూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది అక్కడి ఆవు. భుజం దగ్గర కొలిస్తే డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్లు, ప్రపంచంలోని అతి చిన్న పశుజాతుల్లో ఒకటి. కొరగడ్డి తిని, కరువుకు తట్టుకుని, వెన్న శాతం ఎక్కువున్న పాలిస్తుంది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతోంది. ఎంత మేపినా ఆ ఆవు ఒంగోలు ఆవంత కాదు. దాని పొట్టితనం దాని రక్తంలోనే ఉంది.

పిల్లల విషయంలో కూడా మనం ఇదే మాట వాడేస్తాం. మా వంశమే పొట్టి అంటాం. కొంత నిజమే, ఎత్తులో వంశపారంపర్యం పాలు పెద్దది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో మంచి తిండి, శుభ్రమైన నీరు, వైద్యం ఉన్న ఇళ్ల పిల్లలను కొలిచినప్పుడు, అయిదేళ్లలోపు వాళ్ల పెరుగుదల దాదాపు ఒకేలా ఉంది. మన దేశం నుంచి కొలిచింది ఢిల్లీ పిల్లలను. కాబట్టి మన పల్లెల్లో బడిలో చేరేనాటికే వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఇంతమంది ఉండటానికి రక్తాన్ని కారణంగా చూపి చేతులు దులుపుకోలేం. తొలి రెండేళ్లలో చాలని తిండి, మాటిమాటికీ వచ్చే విరేచనాలు, తల్లి రక్తహీనత, ఇవే అసలు కారణాలు.

మరి రెండేళ్లు దాటాక చేయగలిగేది ఏమీ లేదా? చాలాకాలం పోషకాహార శాస్త్రం నిరాశగానే మాట్లాడింది. ఆ నిరాశను కొంత సడలించిన సమాచారం మన తెలుగు పిల్లల నుంచే వచ్చింది. 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడువేలమంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. చిత్తూరు అందులో లేదు గానీ, పక్కనున్న అనంతపురం, కడప జిల్లాలున్నాయి. అదే అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ జరిగింది. ఏడాది వయసులో ఎత్తు తక్కువగా ఉండి ఎనిమిదేళ్లకు కోలుకున్న పిల్లలు, కోలుకోనివాళ్ల కంటే లెక్కల్లో, చదవడంలో మెరుగ్గా ఉన్నారు. మొదటినుంచీ బాగా ఎదిగినవాళ్లను వాళ్లు పూర్తిగా అందుకోలేదు. అయినా తలుపు మూసుకుపోలేదని తేలింది. అదే సమాచారంతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఇంకో సంగతి చూపించారు. పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లలకు, ఆ తర్వాత బడిలో దొరికిన మధ్యాహ్న భోజనం ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చింది.

కరువంటే ఏమిటో తెలిసిన సీమకు ఇది చిన్న కబురు కాదు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2003లో మన రాష్ట్రంలో పొయ్యిలు వెలిగాయి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి వంద గ్రాముల బియ్యం, మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు కనీసం అందాలన్నది నియమం. తర్వాత గుడ్డు వచ్చింది, వేరుశనగ చిక్కీ వచ్చింది, 2023లో రాగిజావ వచ్చింది. రాగిజావ విషయం నాకు ప్రత్యేకంగా సంతోషం కలిగించింది. రాగిసంగటి తిని పెరిగిన ఈ నేలలో, రెండు తరాల్లో సంగటి బీదల తిండిగా లెక్కకు వచ్చి, పిల్లల పళ్లెంలోంచి పోయి, పాలిష్ బియ్యం వచ్చి చేరింది. వంద గ్రాముల రాగుల్లో మూడువందల మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఆ లెక్కన పదో ఇరవయ్యో కూడా కష్టం. ఎముకలు సాగుతున్న వయసులో అది తిరిగి బడి గ్లాసులోకి రావడం మంచి పని. దీంతోపాటు బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర, వారానికో ఐరన్ మాత్ర కూడా చదువుకు సంబంధించినవే. రక్తం తక్కువగా ఉన్న పిల్ల పాఠం వినలేదు, పరధ్యానంగా ఉందని దెబ్బలు మాత్రం తింటుంది.

మొద్దు అనిపించుకున్న మదనపల్లె పిల్లవాడు

అలా దెబ్బలు తిన్న పిల్లల్లో చరిత్రకెక్కినవాడు ఒకడున్నాడు. 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, బదిలీల మీద బదిలీలు. పిల్లవాడికి రెండేళ్ల వయసులో మలేరియా పట్టుకుని ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉంది. ఒక దశలో ఏడాదంతా బడికే పోలేదు. పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మ పోయింది. ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ ల్యూటెన్స్ ప్రకారం, పాఠం బుర్రకెక్కని కలలుగనే పిల్లవాడిగా, మందబుద్ధిగా పంతుళ్లు అతణ్ణి లెక్కగట్టారు, తరచూ కొట్టేవారు. అదే పిల్లవాడు చెట్లనూ పురుగులనూ గంటల తరబడి చూస్తూ కూర్చునేవాడు. ఒకసారి తండ్రి గడియారాన్ని విప్పేసి, ముక్కలన్నీ మళ్లీ కూర్చేదాకా తిండికీ లేవలేదు, బడికీ పోనన్నాడు.

నూరేళ్ల కిందటి పిల్లవాడికి ఇప్పుడు రోగనిర్ధారణ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మలేరియా మళ్లీ మళ్లీ వచ్చే పిల్లల చదువు దెబ్బతింటుందని శ్రీలంకలో జరిగిన అధ్యయనాలు గట్టిగా చూపించాయి. అక్కడ జరిగి 2006లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగంలో, మలేరియా రాకుండా మందు వేసుకున్న బడిపిల్లలకు భాషలో, లెక్కల్లో మార్కులు పెరిగాయి. రోగానికీ చదువుకూ ఉన్న ఈ ముడి మదనపల్లెకు బాగా తెలుసు. ఊరి శివార్లలో ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1912లో మొదలైంది. 1948లో దేశంలో బీసీజీ టీకా వేయడం మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. మరుసటి ఏడాది నుంచి ఆ టీకా రాష్ట్రరాష్ట్రాల బడులకూ పోయింది.

ఇక గడియారం సంగతి. పియాజే ఏడు నుంచి పదకొండేళ్ల వయసును మూర్త ప్రచాలక దశ అన్నాడు. వెడల్పు గ్లాసులోని నీళ్లను సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నీళ్లు ఎక్కువయ్యాయంటుంది అయిదేళ్ల పిల్ల. ఎనిమిదేళ్ల పిల్ల అవే నీళ్లుగా అంటుంది. కావాలంటే తిరిగి పోసి చూడమంటుంది. చేసిన పనిని మనసులో వెనక్కి తిప్పగలగడం ఇక్కడ కీలకం. కానీ ఆ తిప్పడం చేతికి అందే వస్తువుల మీద బాగా సాగుతుంది, గాలిలో మాటల మీద సాగదు. గడియారాన్ని విప్పి మళ్లీ కూర్చడం ఈ వయసు మెదడు తనకు తానుగా వెతుక్కున్న పాఠం. పియాజే చెప్పిన వయసులు మరీ గీత గీసినట్టు ఉండవని, తెలిసిన వస్తువులతో అడిగితే పిల్లలు ఇంకా ముందే సరిగా చెబుతారని తర్వాతి పరిశోధకులు సవరించారు. ఆ సవరణ బడికి ఇంకా ముఖ్యం. పిల్లలు మెట్లు ఎక్కేది దాదాపు ఒకే వరుసలోనైనా, ఒకే రోజున మాత్రం కాదు.

దెబ్బల గురించి కూడా ఒక మాట చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చి బడిలో కొట్టడాన్ని నిషేధించింది. దానికి ముందు యంగ్ లైవ్స్ వాళ్లు మన రాష్ట్రంలో ఎనిమిదేళ్ల పిల్లలను అడిగితే, గడిచిన వారంలో టీచరు ఎవరినో ఒకరిని కొట్టడం చూశామని పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చెప్పారు. భయపడిన మెదడు ముప్పు మీదే కన్నేసి ఉంటుంది. చేతిలోని లెక్క మీద నిలపాల్సిన ధ్యాస దానికి మిగలదు. దెబ్బ వల్ల చదువు వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా పోలేదు, పోవాలి.

రిషి లోయలో నిచ్చెన

కృష్ణమూర్తి పెద్దయ్యాక, 1920లలో, మదనపల్లె దగ్గరి లోయలో ఒక పెద్ద మర్రిచెట్టున్న చోటును బడి కోసం ఎంచుకున్నాడు. అదే రిషి వ్యాలీ పాఠశాల. అది ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు చదివే బడి, దాని గురించి చాలామంది రాశారు. నాకు ఆసక్తి ఉన్నది దాని చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల మీద. 1980ల చివర పద్మనాభరావు, రమ అనే దంపతులు అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పని మొదలుపెట్టారు. వాళ్ల ముందున్నది మన ఊళ్లలో అందరికీ తెలిసిన స్థితే. ఒకటే గది, ఒకరే టీచరు, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పాతిక ముప్పైమంది పిల్లలు. టీచరు మూడో తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నాలుగు తరగతులు ఎక్కాలు వల్లించాలి, లేదా ఊరికే కూర్చోవాలి.

వాళ్లు చేసిన పని ఏమిటంటే, పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులుగా చేశారు. ఒక భావనను పరిచయం చేసే కార్డు, దాన్ని గట్టిపరిచేవి, అభ్యాసం చేయించేవి, వచ్చిందో లేదో చూసేది, రాకపోతే మళ్లీ నేర్పేది, వచ్చినవాళ్లకు ఇంకాస్త ముందుకు తీసుకుపోయేది. వీటన్నిటి వరుసను గోడ మీద ఒక నిచ్చెనగా గీశారు. ఒక్కో మెట్టుకు ఒక బొమ్మ గుర్తు. అక్షరాలు ఇంకా రాని పిల్ల కూడా బొమ్మ చూసి తన కార్డు ఎక్కడుందో వెతుక్కుంటుంది. పిల్లలు తరగతులుగా కాక గుంపులుగా కూర్చుంటారు. టీచరు పూర్తిగా దగ్గరుండాల్సిన గుంపు, కొంచెం సాయం చాలిన గుంపు, తోటిపిల్లలతో నేర్చుకునే గుంపు, ఒంటరిగా చేసుకోగలిగిన గుంపు. ఒకే టీచరు ముప్పైమందికి సరిపోయేది అందుకే. ఏ క్షణంలోనైనా ఆమె నిజంగా అవసరమైనవాళ్లు కొద్దిమందే.

చెనిక్కాయలు పీకే కాలంలో రెండు వారాలు చేలోకి పోయిన పిల్ల, మామూలు బడిలోనైతే తిరిగొచ్చేసరికి నాలుగో పాఠం నుంచి ఆరో పాఠానికి దూకాల్సి ఉంటుంది. మధ్యలోది ఆమెకు శాశ్వతంగా పోయినట్టే. భాగహారం రాకపోవడానికి తెలివి లేకపోవడం కారణం కాదు, ఆ రెండు వారాలు చేలో ఉండటం కారణం. ఈ బడిలో ఆమె నిచ్చెన దగ్గరికి పోయి, తను ఆగిన మెట్టు దగ్గర మళ్లీ మొదలుపెడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇదే. పల్లెబడి లోపంగా అందరూ చెప్పుకునే వయసుల కలగాపులగాన్ని వాళ్లు వదిలించుకోవాలని చూడలేదు, పద్ధతికి ఆధారం చేసుకున్నారు. తొమ్మిదేళ్ల అమ్మాయి ఆరేళ్లవాడికి కూడిక చూపిస్తున్నప్పుడు ఇద్దరూ నేర్చుకుంటారు. ఊరి జనం నడుమ మెట్రిక్ మేళాలు పెట్టి, తల్లిదండ్రుల ఎత్తు, బరువు పిల్లలే కొలిచి రాసి చూపిస్తారు. చదువులేని తల్లికి తన బిడ్డకు ఏం వచ్చిందో రిపోర్టు కార్డు కంటే ఇది బాగా తెలుస్తుంది.

ఈ పద్ధతి చాలా దూరం పోయింది. కర్ణాటకలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి టీచర్లు వచ్చి చూసి పోయి, 1995లో 'నలి కలి' మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తర్వాత తమిళనాడంతా పాకిన కృత్యాధార బోధనకు మూలం కూడా ఇదే. ప్రభుత్వం చేతికి పోయాక అన్నిచోట్లా ప్రాణం నిలవలేదు. కార్డులు చిరిగితే కొత్తవి రాలేదు, టీచరుకు శిక్షణ తగ్గింది, పిల్లలు మెట్లు లెక్కపెట్టుకోవడంలో పడ్డారు. కార్డు టీచరుకు సాయమే గానీ టీచరుకు బదులు కాదు. ఆ తేడాను పట్టించుకోనిచోట పద్ధతి పేరు మాత్రమే మిగిలింది.

పిల్లల వేగం వేరువేరుగా ఉండటానికి మన లిపి ఇంకో కారణం. ఇంగ్లిషుకు ఇరవయ్యారు అక్షరాలు. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిస్తే చూడగానే గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మన లిపికి అక్కచెల్లెలైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరజ్ఞానం ఒకటో తరగతితో ముగియదని, నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉంటుందని ఆమె చూపించారు. మన పాఠ్యక్రమం మాత్రం రెండో తరగతికల్లా చదవడం వచ్చేసిందన్న లెక్కతో నడుస్తుంది. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి లాంటి మాటల దగ్గర కూడబలుక్కునే పిల్లకు మూడో తరగతి పరిసరాల విజ్ఞానం ఒక గోడ. మనసులో ఒకేసారి పట్టుకోగలిగింది నాలుగైదు ముక్కలే అయినప్పుడు, ఆ చోటంతా అక్షరాలే ఆక్రమిస్తే అర్థానికి చోటుండదు. మూడు, నాలుగు తరగతుల్లో కూడా రోజూ కాసేపు బిగ్గరగా చదివించడం అందుకే అవసరం.

కుప్పం పిల్లల నాలుగు భాషలు

కుప్పంలో ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం, పక్కింట్లో ఉర్దూ వినబడటం మామూలే. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడానికి అది ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల కూడలి కావడమే కారణం. ఇన్ని భాషల మధ్య పెరిగితే పిల్లల బుర్ర గందరగోళమవుతుందని భయపడే తల్లిదండ్రులున్నారు. ఒడిశాలో కుయి, ఒడియా రెండూ మాట్లాడే కంధ పిల్లల మీద అజిత్ మహంతి చేసిన అధ్యయనాలు దీనికి విరుద్ధంగా చెప్పాయి. ఒక్క భాషే వచ్చిన అదే తెగ పిల్లల కంటే రెండు భాషల పిల్లలు ఆలోచనా పరీక్షల్లోనూ, భాషను గురించి ఆలోచించే పరీక్షల్లోనూ ముందున్నారు. అక్కడ రెండు భాషలూ ఊరి బతుకులో నిజంగా వాడుకలో ఉన్నవే. అసలు వినబడని భాషను ఒకటో తరగతిలోనే పాఠాలు చెప్పే భాషగా నెత్తిన పెట్టడం వేరే విషయం. ఇంగ్లిషు రావాలన్న తల్లిదండ్రుల కోరికను నేను గౌరవిస్తాను. ఇంగ్లిషు నేర్పడం, ఇంగ్లిషులో లెక్కలు నేర్పడం ఒకటి కావని మాత్రం గట్టిగా చెబుతాను.

కుప్పం దగ్గరి గుడుపల్లెలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వాళ్ల ప్రాంగణం ఉంది. బ్యాంకు ఉద్యోగం వదిలేసిన రాంజీ రాఘవన్ 1999లో ఆ సంస్థను మొదలుపెట్టారు. 172 ఎకరాల బోడినేల ఇప్పుడు పచ్చబడింది. అక్కడి ప్రయోగశాలల్లో చవకైన సామగ్రితో చేసిన నమూనాలను పిల్లలు విప్పుతారు, తిప్పుతారు. వ్యాన్లలో ఆ సామాను పల్లెబడులకూ పోతుంది. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి శిక్షణ ఇచ్చి తోటివాళ్లకు వాళ్లచేతే బోధింపజేస్తారు. పదకొండేళ్ల పిల్ల కటకం పట్టుకుని పదిమందికి వివరించాలంటే, వాళ్లు వేసే ప్రశ్నలను ముందే ఊహించుకోవాలి. ఎదుటివాళ్ల తలలో ఏముందో ఊహించడం ఈ వయసులోనే బాగా పదునెక్కుతుంది.

చేతి పనికీ నోటుపుస్తకానికీ మధ్య వంతెన దానంతటదే పడదని కూడా తెలుసుకోవాలి. మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. బాక్సు ఎంత పలికింది, కమీషన్ ఎంత పోయింది, కూలికి ఎంతైంది అన్న లెక్క రైతుల ఇళ్లలో రోజూ నడుస్తుంది. అలాంటి లెక్కల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలను పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కిలో ధర, తూకం, చిల్లర నోటిలెక్కలో తప్పు లేకుండా చెప్పిన పిల్లలు, అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడిలో చదివే పిల్లలు కాగితం లెక్క చేశారు గానీ బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. రెండు రకాల తెలివి ఒకదాన్నొకటి కలుసుకోకుండా పెరుగుతోంది. ఇంట్లో వినే లెక్కను బడిలో బోర్డు మీద రాసి, ఇది అదే అని చూపించే టీచరు ఆ రెంటినీ కలుపుతుంది. దానికి ఖర్చేమీ లేదు.

పదో ఏట అమ్మాయిలు అబ్బాయిల ఎత్తును దాటుతారని మొదట్లో చెప్పాను. ఆరు, ఎనిమిదేళ్ల మధ్య అడ్రినల్ గ్రంథులు నిశ్శబ్దంగా హార్మోన్లు విడుదల చేయడం మొదలుపెడతాయి. ఆ తర్వాత అమ్మాయిల్లో పదేళ్ల ప్రాంతంలో, అబ్బాయిల్లో దానికి రెండేళ్ల తర్వాత ఎత్తు ఒక్కసారిగా పెరగడం ఆరంభమవుతుంది. పన్నెండేళ్ల అమ్మాయి మధ్యస్థ ఎత్తు 151 సెంటీమీటర్లు, అబ్బాయిది 149. సరిగ్గా ఈ సమయంలోనే ఊరి బడిలో అయిదో తరగతి అయిపోతుంది. ఆరో తరగతికి చాలామంది ఇంకో ఊరి హైస్కూలుకు పోవాలి. ఒళ్లు మారే ఏడే బడి మారే ఏడు కూడా. ఆటోలో ప్రయాణం, తలుపు గడియ పడని మరుగుదొడ్డి, పేరు తెలియని టీచర్లు, గంటకో సబ్జెక్టు, ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. నాలుగో మెట్టు మీద ఉన్నదెవరు, తొమ్మిదో మెట్టు మీద ఉన్నదెవరు అన్న సంగతి పాత బడి టీచరుకు తెలుసు, ఆ కబురు కొత్త బడికి చేరదు. ఆరో తరగతి మొదటి నెలలో ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పేరా చదివించి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. నలభైమందికి రోజుకు ఇద్దరి చొప్పున జూలై మొదటి వారానికల్లా అది పూర్తవుతుంది.